స్ట్రెప్ గొంతునొప్పి: గుర్తించడం, తేల్చుకోవడం, మందు పూర్తిగా వాడడం

గొంతునొప్పి వచ్చిన ప్రతిసారీ యాంటీబయాటిక్ మింగడం ఒక పొరపాటు. ఆ మందు నిజంగా అవసరమైన గొంతునొప్పికి దాన్ని మూడు రోజులు వాడి, నొప్పి తగ్గగానే మానేయడం అంతకంటే పెద్ద పొరపాటు. చాలా ఇళ్ళలో ఈ రెండూ జరుగుతుంటాయి. జలుబుతో వచ్చిన మామూలు గొంతునొప్పికి పోయినసారి మిగిలిన మాత్రలు వేసుకుంటారు. స్ట్రెప్ బాక్టీరియా వల్ల వచ్చిన గొంతునొప్పికి వైద్యులు రాసిన మందును సగంలో ఆపి, మిగిలిన మాత్రలను మళ్ళీ దాచుకుంటారు. ఈ రెండు పొరపాట్లనూ తప్పించుకోవాలంటే ఏ గొంతునొప్పిని అనుమానించాలో, పరీక్షతో ఎలా తేల్చుకోవాలో, మందు ఎన్నాళ్ళు వాడాలో, తగ్గిన తరవాత కూడా కొన్ని వారాలు దేన్ని గమనించాలో తెలిసి ఉండాలి.

ఈ జబ్బు ఎలా వస్తుంది

గొంతునొప్పుల్లో అత్యధిక భాగం వైరస్‌ల వల్ల వచ్చి, వాటంతట అవే తగ్గిపోతాయి. బాక్టీరియా వల్ల వచ్చేవాటిలో ముఖ్యమైనది గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ (క్లుప్తంగా స్ట్రెప్) వల్ల వచ్చే గొంతునొప్పి. ఈ బాక్టీరియా శాస్త్రీయ నామం స్ట్రెప్టోకాకస్ పయోజీన్స్. సూక్ష్మదర్శినిలో దీని గుండ్రని కణాలు పూసల దండలా వరుసగా అతుక్కుని కనిపిస్తాయి. కణకవచంలో ఉండే ఒక పదార్థాన్ని బట్టి ఈ కుటుంబపు బాక్టీరియాను ఎ, బి, సి అంటూ గ్రూపులుగా విడదీసే పద్ధతిని రెబెకా లాన్స్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త 1933లో ప్రకటించారు. ఇప్పుడు నిమిషాల్లో ఫలితం చెప్పే గొంతు పరీక్ష వెతికేది కూడా గ్రూప్ ఎకు గుర్తుగా నిలిచే ఆ పదార్థాన్నే.

గొంతునొప్పితో వైద్యుల దగ్గరకు వచ్చే పిల్లల్లో 20 నుంచి 30 శాతం మందికి, పెద్దవారిలో 5 నుంచి 15 శాతం మందికి మాత్రమే స్ట్రెప్ కారణమవుతుంది. 5 నుంచి 15 ఏళ్ళ వయసువారిలో ఇది ఎక్కువ. 3 ఏళ్ళ లోపు పిల్లల్లో అరుదు. చిన్నపిల్లలతో ఎక్కువసేపు గడిపే తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు సోకే అవకాశం మిగతా పెద్దలకంటే ఎక్కువగా ఉంటుంది.

రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, దగ్గరగా మాట్లాడినప్పుడు వెలువడే తుంపరల ద్వారా ఈ బాక్టీరియా ఒకరి నుంచి మరొకరికి పాకుతుంది. ఎంగిలి గ్లాసులు, చెంచాలు పంచుకోవడం వల్ల కూడా అంటవచ్చు. సోకిన తరవాత లక్షణాలు బయటపడడానికి సాధారణంగా 2 నుంచి 5 రోజులు పడుతుంది. చల్లని నీళ్ళు తాగడం వల్లనో, ఐస్‌క్రీమ్ తినడం వల్లనో ఈ జబ్బు రాదు. ఆ నమ్మకంతో పిల్లలను మందలించడం వల్ల ప్రయోజనం లేదు. పైగా, నొప్పితో ఏమీ మింగలేని పిల్లలకు హాయినిచ్చే చల్లని ఆహారాన్ని దూరం చేసినట్లవుతుంది.

ఎప్పుడు అనుమానించాలి

స్ట్రెప్ గొంతునొప్పి తరచుగా ఉన్నట్టుండి మొదలవుతుంది. పొద్దున ఆడుకున్న పిల్లవాడు సాయంత్రానికి జ్వరంతో, గుటక వేయలేని నొప్పితో మంచం పడతాడు. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటడం సాధారణం. చిన్నపిల్లల్లో తలనొప్పి, కడుపునొప్పి, వాంతులు ముందుకు వచ్చి, గొంతు సంగతి మరుగున పడిపోవచ్చు. కడుపునొప్పి అని ఏడ్చే పిల్లవాడికి జ్వరం కూడా ఉంటే గొంతును ఒకసారి చూడడం మంచిది.

గొంతు చూడడానికి మంచి వెలుతురు కావాలి. నోరు బాగా తెరిచి "ఆ" అనమనాలి. అంతమాత్రాన కనిపించకపోతే శుభ్రమైన చెంచా కాడతో నాలుక ముందు భాగాన్ని మెల్లగా కిందికి నొక్కాలి. మరీ లోపలికి పెడితే వాంతి వస్తుంది, ఆ తరవాత పిల్లలు నోరు తెరవరు. కొండనాలుకకు రెండు వైపులా ఉన్న టాన్సిల్స్ ఎర్రగా వాచి ఉన్నాయా, వాటిపై తెల్లని లేదా పసుపు రంగు చీము మచ్చలు ఉన్నాయా, అంగిలి వెనక మెత్తని భాగంలో చిన్న చిన్న ఎర్ర చుక్కలు ఉన్నాయా అని చూడాలి. తరవాత దవడ మూలల కింద, మెడ ముందు భాగంలో వేళ్ళతో తడిమితే వాచిన గ్రంథులు తగులుతాయి. వాటిని ముట్టుకుంటే నొప్పి అంటారు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: పిల్లవాడు ఊపిరి తీసుకోవడానికి కష్టపడుతున్నా, లాలాజలం మింగలేక చొంగ కారుస్తున్నా నోట్లో ఏదీ పెట్టి చూడకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

కొన్ని లక్షణాలు ఇందుకు విరుద్ధంగా, ఇది వైరస్ పని అని సూచిస్తాయి. దగ్గు, ముక్కు కారడం, గొంతు బొంగురుపోవడం, కళ్ళు ఎర్రబడడం, నోటిలో పుండ్లు, విరేచనాలు అలాంటివి. గొంతునొప్పితోపాటు ఇవి స్పష్టంగా ఉంటే స్ట్రెప్ అయ్యే అవకాశం బాగా తగ్గిపోతుంది. చాలా కుటుంబాలు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు, అనవసరంగా వాడే యాంటీబయాటిక్‌లలో పెద్ద భాగం తగ్గిపోతుంది.

వైద్యులు ఈ లక్షణాలను లెక్కగట్టే పద్ధతి ఒకటి 1981 నుంచి వాడుకలో ఉంది. రాబర్ట్ సెంటర్ అనే వైద్యుడి పేరుతో దాన్ని సెంటర్ ప్రమాణాలు అంటారు. జ్వరం, టాన్సిల్స్ మీద చీము, మెడ ముందు భాగంలో నొప్పిగల గ్రంథులు, దగ్గు లేకపోవడం అనే నాలుగింటికీ ఒక్కొక్క పాయింటు ఇస్తారు. తరవాత వచ్చిన సవరణ ప్రకారం 3 నుంచి 14 ఏళ్ళ వారికి ఒక పాయింటు కలుపుతారు, 45 ఏళ్ళు దాటినవారికి ఒకటి తీసేస్తారు. మొత్తం సున్నా లేదా ఒకటి వస్తే సాధారణంగా పరీక్ష కూడా అక్కరలేదు. రెండు, అంతకుమించి వస్తే పరీక్షకు అర్థముంటుంది. నాలుగు, ఐదు పాయింట్లు వచ్చినవారిలో కూడా దాదాపు సగం మందికే స్ట్రెప్ ఉంటుందని తెలిసింది. అంటే ఎంత అనుభవమున్న కన్నయినా గొంతును చూసి మాత్రమే కచ్చితంగా చెప్పలేదు. తెల్లని మచ్చలు కనిపిస్తే స్ట్రెప్ అనే నమ్మకం కూడా సరికాదు. అడినోవైరస్, ఎప్‌స్టీన్ బార్ వైరస్ వంటివి కూడా టాన్సిల్స్ మీద అచ్చం అలాంటి మచ్చలే తెస్తాయి.

కొందరు పిల్లల్లో గొంతునొప్పి మొదలైన ఒకటి రెండు రోజుల్లో మెడ మీద, ఛాతీ మీద, చంకల్లో, గజ్జల్లో సన్నని దద్దు పుట్టి ఒళ్ళంతా పాకుతుంది. చేత్తో రాస్తే చర్మం గరుగ్గా తగులుతుంది. చామనఛాయ, నలుపు చర్మం మీద ఎరుపు సరిగా కనిపించదు కాబట్టి తాకి చూడడమే నమ్మదగిన పద్ధతి. నాలుక మీద బొడిపెలు ఎర్రగా ఉబ్బుతాయి. దీన్ని స్కార్లెట్ జ్వరం అంటారు. పేరు భయపెట్టినా ఇది అదే బాక్టీరియా విషపదార్థం వల్ల వచ్చేదే, దీనికి చికిత్స కూడా అదే. దద్దు తగ్గాక వేళ్ళ కొసల్లో చర్మం పొట్టుగా రాలితే కంగారు పడవలసిన పని లేదు.

పరీక్షతో తేల్చుకోవడం

పరీక్షకు పొడవాటి పుల్ల చివర ఉన్న దూదితో రెండు టాన్సిల్స్‌నూ, గొంతు వెనక గోడనూ గట్టిగా తుడిచి నమూనా తీస్తారు. నాలుకకు, బుగ్గలకు రాసుకుని తీసిన నమూనా పనికిరాదు. ఒకటి రెండు క్షణాలు డోకు వచ్చినట్లు ఉంటుంది, నొప్పి ఉండదు. ఈ మాట పిల్లలకు ముందే చెప్పి, వెనక నుంచి ఒళ్ళో కూర్చోబెట్టుకుని పట్టుకుంటే పని త్వరగా అయిపోతుంది.

ఆ నమూనాతో చేసే త్వరిత యాంటిజన్ పరీక్ష ఫలితం కొన్ని నిమిషాల్లో తెలుస్తుంది. ఈ పరీక్ష పాజిటివ్ వస్తే దాదాపు నమ్మవచ్చు, మళ్ళీ నిర్ధారించుకోనక్కరలేదు. నెగటివ్ వచ్చినప్పుడే ఆలోచించాలి, ఎందుకంటే కొన్ని నిజమైన కేసులను ఈ పరీక్ష పట్టుకోలేదు. అందువల్ల పిల్లల్లో నెగటివ్ వస్తే నమూనాలోని బాక్టీరియాను పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపుతారు. దాని ఫలితానికి 1 నుంచి 2 రోజులు పడుతుంది. ఆ రెండు రోజులు ఆగడం వల్ల నష్టమేమీ లేదు. స్ట్రెప్ తరవాత కొందరిలో వచ్చి గుండెను దెబ్బతీసే జబ్బు రుమాటిక్ జ్వరం. గొంతునొప్పి మొదలైన 9 రోజుల లోపు పెన్సిలిన్ మొదలుపెట్టినా దాన్ని నివారించవచ్చు కాబట్టి, నిర్ధారణ కోసం ఆగడానికి వ్యవధి ఉంది. పెద్దవారిలో రుమాటిక్ జ్వరం ముప్పు చాలా తక్కువ కాబట్టి త్వరిత పరీక్ష నెగటివ్ వస్తే సాధారణంగా కల్చర్ దాకా వెళ్ళరు.

రక్తంలో చేసే ఎ.ఎస్.ఓ. పరీక్ష గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దాని ఫలితం చూసి భయపడే తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. స్ట్రెప్ సోకిన ఒకటి నుంచి మూడు వారాలకు పెరిగి, చాలా వారాలు, ఒక్కోసారి నెలలు అలాగే ఉండే ప్రతిరక్షకాన్ని ఆ పరీక్ష కొలుస్తుంది. గతంలో ఎప్పుడో స్ట్రెప్ సోకిందని మాత్రమే అది చెప్పగలదు. ఇవాళ్టి గొంతునొప్పికి కారణమేమిటో దానితో తేలదు, ఆ అంకె పెరిగినంత మాత్రాన గుండె జబ్బు ఉన్నట్లూ కాదు. రుమాటిక్ జ్వరం, మూత్రపిండాల వాపు అనుమానించినప్పుడే దాని అవసరం. కేవలం ఆ అంకెను తగ్గించడానికి నెలల తరబడి మందులు వాడడంలో అర్థం లేదు.

పది రోజుల మందు

ఈ బాక్టీరియాకు మందు పెన్సిలిన్. దశాబ్దాలుగా కోట్లాది మంది వాడుతున్నా, పెన్సిలిన్‌ను తట్టుకునే గ్రూప్ ఎ స్ట్రెప్ రోగుల్లో ఇప్పటిదాకా కనబడలేదు. బాక్టీరియాలన్నీ ఒక్కొక్క మందునూ ఎదిరించడం నేర్చుకుంటున్న కాలంలో ఇది మనకు దక్కిన అదృష్టం. కాబట్టి "ఇంకా పెద్ద మందు రాయండి" అని వైద్యులను కోరవలసిన అవసరం లేదు. పాత మందే ఇక్కడ మంచి మందు.

పెన్సిలిన్ వి మాత్రలు పెద్దలకు సాధారణంగా 500 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండు సార్లు, 27 కిలోల లోపు పిల్లలకు 250 మిల్లీగ్రాముల చొప్పున రెండు మూడు సార్లు, 10 రోజులు ఇస్తారు. దాని బదులు అమాక్సిసిలిన్‌ను కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లెక్కన, 1000 మిల్లీగ్రాములకు మించకుండా, రోజుకు ఒకేసారి 10 రోజులు ఇవ్వవచ్చు. రుచి బాగుంటుంది కాబట్టి పిల్లలకు సిరప్ రూపంలో ఎక్కువగా దీన్నే రాస్తారు. పది రోజులు క్రమం తప్పకుండా మందు వేయడం సాధ్యం కాని ఇంట్లో బెంజథిన్ పెన్సిలిన్ సూది ఒక్కటి వేయించడం మంచి మార్గం: 27 కిలోల లోపు వారికి 6 లక్షల యూనిట్లు, ఆపైన 12 లక్షల యూనిట్లు. కండలోకి వేసే ఆ సూది నొప్పిగా ఉంటుంది, కానీ చికిత్స ఒక్కసారితో పూర్తవుతుంది. ఈ మోతాదులను ఇక్కడ రాసింది మీకు ఇచ్చిన చీటీ అర్థం కావడానికే. బరువు, వయసు, మూత్రపిండాల పనితీరు చూసి మోతాదు నిర్ణయించవలసింది వైద్యులే.

పెన్సిలిన్ పడనివారికి వేరే మందులు ఉన్నాయి. గతంలో తేలికపాటి దద్దు మాత్రమే వచ్చి ఉంటే సెఫలెక్సిన్ వంటివి ఇస్తారు. మందు వేసిన కాసేపటికే ముఖం వాచడం, ఆయాసం, స్పృహ తప్పడం వంటివి జరిగి ఉంటే పెన్సిలిన్, సెఫలెక్సిన్ కుటుంబపు మందుల జోలికి పోకుండా క్లిండామైసిన్ 10 రోజులు గానీ, అజిత్రోమైసిన్ 5 రోజులు గానీ ఇస్తారు. అజిత్రోమైసిన్‌ను ఎదిరించే స్ట్రెప్ చాలా చోట్ల ఉంది. రోజులు తక్కువ అనే సౌలభ్యం కోసం దాన్ని మొదటి మందుగా అడగడం తెలివైన పని కాదు. టెట్రాసైక్లిన్, సల్ఫా మందులు ఈ జబ్బుకు పనికిరావు. తనకు పెన్సిలిన్ పడదని చెప్పుకునే పది మందిని సరిగా పరీక్షిస్తే సుమారు తొమ్మిది మందికి అది పడుతుందని తేలుతుంది. చిన్నప్పుడు వైరస్ జ్వరంలో వచ్చిన దద్దునో, మందు వల్ల వచ్చిన విరేచనాలనో అలర్జీగా రాసుకుని జీవితాంతం మంచి మందుకు దూరమయ్యేవారు చాలామంది. అప్పుడు సరిగ్గా ఏం జరిగిందో వైద్యులకు వివరంగా చెప్పండి.

సిరప్ పొడి రూపంలో వస్తే, కాచి చల్లార్చిన నీటిని సీసా మీది గీత దాకా పోసి బాగా కలపాలి, ప్రతిసారీ వేసేముందు కుదపాలి. వంటింటి చెంచాలన్నీ ఒకే కొలతవి కావు కాబట్టి సీసాతో ఇచ్చిన మూత, చెంచా లేదా సూది లేని సిరంజితోనే కొలవాలి. కలిపిన మందును ఎక్కడ ఉంచాలో, ఎన్ని రోజులకు పారేయాలో సీసా మీద రాసి ఉంటుంది. పెన్సిలిన్ వి ఖాళీ కడుపున బాగా పనిచేస్తుంది. అమాక్సిసిలిన్‌ను తిన్న తరవాత కూడా వేయవచ్చు. ఒక మోతాదు మరచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేయాలి, తరవాతి మోతాదు వేళ దగ్గరపడితే మరచినదాన్ని వదిలేయాలి. రెండు మోతాదులు కలిపి వేయకూడదు. చివరి తేదీని క్యాలెండర్ మీద గుర్తు పెట్టి, వేసిన ప్రతి మోతాదుకూ ఒక టిక్కు పెట్టుకుంటే ఇంట్లో ఒకరు వేశారనుకుని మరొకరు మరచిపోయే అవకాశం ఉండదు.

మందు మొదలైన ఒకటి రెండు రోజుల్లో జ్వరం, నొప్పి తగ్గుముఖం పడతాయి. చాలామంది ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే.

నొప్పి తగ్గాక కూడా మందు ఎందుకు

నిజానికి మందు వాడకపోయినా స్ట్రెప్ గొంతునొప్పి ఎక్కువమందికి 3 నుంచి 5 రోజుల్లో తగ్గిపోతుంది. యాంటీబయాటిక్ వల్ల ఆ బాధ ఒక రోజు ముందుగా తగ్గుతుంది, అంతే. గొంతు ఒక్కటే లెక్కయితే పది రోజులు మందు మింగడానికి కారణం కనిపించదు. మందు ఇచ్చేది ముఖ్యంగా గుండెను కాపాడడానికి.

స్ట్రెప్ బాక్టీరియా పైపొరలో ఉండే కొన్ని ప్రొటీన్లకు, మన గుండెలోని, కీళ్ళలోని, మెదడులోని కొన్ని కణజాలాలకు పోలికలు ఉన్నాయి. బాక్టీరియాను చంపడానికి శరీరం తయారుచేసుకున్న రక్షణ, కొందరిలో ఆ పోలికల వల్ల పొరబడి సొంత కణజాలం మీదికే వెళ్తుంది. గొంతునొప్పి తగ్గిపోయిన 2, 3 వారాలకు, అందరూ ఆ సంగతి మరచిపోయాక, జ్వరం మళ్ళీ వస్తుంది. మోకాళ్ళు, చీలమండలు, మోచేతులు ఒకదాని తరవాత ఒకటి వాచి నొప్పి పెడతాయి. కొందరు పిల్లల్లో చేతులు, ముఖం తమ ప్రమేయం లేకుండా కదులుతుంటాయి, చేతిరాత చెడిపోతుంది, కారణం లేకుండా ఏడుస్తారు. ఇదే రుమాటిక్ జ్వరం. కీళ్ళు బాగుపడతాయి, గుండె కవాటాలు మాత్రం మచ్చపడి, ఏళ్ళు గడిచేకొద్దీ బిగుసుకుపోవచ్చు లేదా సరిగా మూసుకోకపోవచ్చు. పదేళ్ళ వయసులో వచ్చిన గొంతునొప్పి ముప్ఫై ఏళ్ళ వయసులో ఆయాసంగా, గర్భిణికి ప్రాణాపాయంగా బయటపడే జబ్బు ఇది.

పెన్సిలిన్ దీన్ని ఆపగలదని 1950 ప్రాంతంలో అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో, వారెన్ వైమానిక స్థావరంలోని సైనికులపై జరిగిన పరిశోధనలు నిరూపించాయి. చికిత్స లేకుండా వదిలేసినవారితో పోలిస్తే పెన్సిలిన్ పొందినవారిలో రుమాటిక్ జ్వరం చాలా తక్కువగా వచ్చింది. గొంతులో బాక్టీరియా పూర్తిగా లేకుండా చేయడం ఈ రక్షణకు కీలకం. నొప్పి రెండు రోజుల్లో తగ్గినా, బాక్టీరియా తుడిచిపెట్టుకుపోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. పది రోజుల లెక్క అక్కడి నుంచి వచ్చింది. రుమాటిక్ జ్వరం దాదాపు కనుమరుగైన కొన్ని దేశాల్లో వైద్యులు కొందరు రోగులకు 5 రోజుల చికిత్స కూడా ఇస్తున్నారు. ఆ వెసులుబాటు వైద్యులు ఇవ్వవలసినదే గానీ, రోగి తనంతట తాను తీసుకోవలసినది కాదు.

ఇంట్లో ఉపశమనం

నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్ చాలు. పిల్లలకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున, కనీసం 4 నుంచి 6 గంటల ఎడంతో, రోజుకు నాలుగు సార్లకు మించకుండా ఇవ్వవచ్చు. ఐబుప్రొఫెన్ కూడా బాగా పనిచేస్తుంది, కానీ ఒంట్లో నీరు తగ్గినప్పుడు, డెంగీ అనుమానం ఉన్నప్పుడు అది వాడకూడదు. పిల్లలకు, కౌమారంలో ఉన్నవారికి ఆస్పిరిన్ ఇవ్వవద్దు. కాలేయాన్ని, మెదడును దెబ్బతీసే రేస్ సిండ్రోమ్ అనే అరుదైన ప్రమాదం ఉంది.

తినకపోయినా ఒకటి రెండు రోజులు ఫరవాలేదు, తాగడం మాత్రం ఆగకూడదు. గోరువెచ్చనివైనా, చల్లనివైనా ఏవి హాయిగా దిగితే అవే ఇవ్వండి. పుల్లనివి, కారంగా ఉన్నవి, గరుకైనవి గొంతును మండిస్తాయి. పారాసిటమాల్ ఇచ్చిన అరగంటకు నొప్పి కాస్త తగ్గుతుంది. పిల్లలకు తినిపించడానికి, తాగించడానికి అదే మంచి సమయం. గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలిస్తే ఉపశమనం ఉంటుంది. మింగకుండా పుక్కిలించగల వయసు వచ్చినవారికే అది చెప్పాలి. తేనె గొంతుకు హాయినిస్తుంది గానీ ఏడాది లోపు పసివారికి దాన్ని ఇవ్వకూడదు. చప్పరించే బిళ్ళలు చిన్నపిల్లల గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది. ఇవేవీ బాక్టీరియాను చంపవు, యాంటీబయాటిక్‌కు బదులు కావు.

ఇతరులకు అంటకుండా

యాంటీబయాటిక్ మొదలుపెట్టి 12 నుంచి 24 గంటలు గడిస్తే అంటించే శక్తి చాలావరకు పోతుంది. ఆ గడువు దాటి, జ్వరం కూడా తగ్గాక బడికి, పనికి వెళ్ళవచ్చు. అప్పటిదాకా గ్లాసు, చెంచా, తువ్వాలు వేరుగా ఉంచి, దగ్గేటప్పుడు మోచేతిని అడ్డం పెట్టుకోవాలి. ఇంట్లో అందరూ సబ్బుతో చేతులు తరచుగా కడుక్కోవాలి. ఇంట్లో మిగతావారికి ముందుజాగ్రత్తగా మందు వేయనక్కరలేదు. ఎవరికైనా లక్షణాలు కనిపిస్తే వారికి పరీక్ష చేయించాలి.

ఆగకుండా వెళ్ళవలసిన సందర్భాలు

సరైన మందు మొదలైన 48 నుంచి 72 గంటలకు కూడా జ్వరం దిగకపోతే మళ్ళీ చూపించుకోవాలి. ఊపిరి కష్టమైనా, సొంత లాలాజలం కూడా మింగలేకపోయినా, మెడ బిగుసుకున్నా, మత్తుగా పడి ఉంటున్నా, 8 గంటలకు పైగా మూత్రం రాకపోయినా అది అత్యవసరం. నొప్పి ఒకే వైపుకు చేరి, నోరు సరిగా తెరుచుకోక, మాట ముద్దగా వస్తుంటే టాన్సిల్ పక్కన చీముగడ్డ కట్టి ఉండవచ్చు. ఆ చీమును బయటికి తీయకుండా మందులతో మాత్రమే తగ్గడం కష్టం. గొంతులో బూడిద రంగు పొర గట్టిగా అతుక్కుని, మెడ వాచి ఉంటే డిఫ్తీరియాను అనుమానించాలి, ముఖ్యంగా టీకాలు పూర్తికానివారిలో. కౌమారంలో ఉన్నవారికి వారాల తరబడి నీరసం, మెడ వెనక గ్రంథుల వాపు, అమాక్సిసిలిన్ వాడాక ఒళ్ళంతా దద్దు కనిపిస్తే అది ఎప్‌స్టీన్ బార్ వైరస్ వల్ల వచ్చే మోనోన్యూక్లియోసిస్ కావచ్చు. అందులో ప్లీహం వాచి ఉంటుంది కాబట్టి కడుపుకు దెబ్బ తగిలే ఆటలు ఆడకూడదు.

మళ్ళీ మళ్ళీ వస్తుంటే

పాఠశాల వయసు పిల్లల్లో కొందరి గొంతులో, సుమారు పది మందిలో ఒకరికి, ఏ బాధా లేకుండా స్ట్రెప్ కాపురముంటుంది. అలాంటి పిల్లవాడికి వైరస్ గొంతునొప్పి వచ్చినప్పుడు పరీక్ష చేస్తే పాజిటివ్ వస్తుంది, ప్రతిసారీ స్ట్రెప్ జబ్బే వచ్చినట్లు కనిపిస్తుంది. దగ్గు, ముక్కు కారడం ఉన్నప్పుడు పరీక్ష వద్దనడానికి ఇదొక కారణం. లక్షణాలు తగ్గినవారికి మందు పూర్తయ్యాక మళ్ళీ పరీక్ష చేయించనక్కరలేదని చెప్పడానికీ ఇదే కారణం. టాన్సిల్స్ తీయించే ఆలోచన ఒక ఏడాదిలో 7 సార్లు, లేదా వరుసగా రెండేళ్ళు ఏటా 5 సార్లు, లేదా మూడేళ్ళు ఏటా 3 సార్లు వైద్యులు నమోదు చేసిన తీవ్రమైన గొంతునొప్పి వచ్చినప్పుడే చేయాలి. అందువల్ల ప్రతిసారీ తేదీ, జ్వరం, పరీక్ష ఫలితం ఒక పుస్తకంలో రాసి ఉంచుకోవడం ఉపయోగకరం.

గొంతునొప్పి తగ్గిన తరవాత నెల రోజులపాటు మూడు విషయాలు గమనించాలి. కీళ్ళ వాపు, ఆయాసం, అసంకల్పిత కదలికలు రుమాటిక్ జ్వరానికి గుర్తులు. ముఖం ఉబ్బడం, మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం మూత్రపిండాల వాపుకు గుర్తులు. ఇది సాధారణంగా గొంతునొప్పి వచ్చిన పది రోజుల ప్రాంతంలో కనిపిస్తుంది. యాంటీబయాటిక్ వాడినా ఇది రాదని కచ్చితంగా చెప్పలేం, అయితే పిల్లల్లో ఎక్కువమంది పూర్తిగా కోలుకుంటారు. మూడోది, తగ్గిన జ్వరం కారణం తెలియకుండా తిరిగి రావడం. వీటిలో ఏది కనిపించినా "కొద్ది వారాల కిందట గొంతునొప్పి వచ్చింది" అనే మాటను వైద్యులకు మీరే ముందుగా చెప్పాలి, ఎందుకంటే అడిగితే తప్ప గుర్తుకు రాని విషయం అది.

ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చినవారి నియమాలు వేరు. తరవాత సోకే ప్రతి స్ట్రెప్ గుండె కవాటాలను మరింత దెబ్బతీయగలదు కాబట్టి వారికి 3 లేదా 4 వారాలకు ఒకసారి బెంజథిన్ పెన్సిలిన్ సూది ఏళ్ళ తరబడి వేస్తారు. గుండెకు దెబ్బ తగలనివారికి కనీసం 5 ఏళ్ళు లేదా 21 ఏళ్ళ వయసు వచ్చేదాకా, వీటిలో ఏది ఎక్కువ కాలమైతే అంతదాకా ఇవ్వాలి. కవాటాలు దెబ్బతిన్నవారికి ఇంకా ఎక్కువ కాలం, కొందరికి 40 ఏళ్ళు వచ్చేదాకా ఇవ్వవలసి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నామనిపించి ఈ సూదులు మానేయడం ప్రమాదకరం. ఒక తేదీ తప్పిపోయిందని గుర్తొస్తే, తరవాతి తేదీ దాకా ఆగకుండా ఆ రోజే వెళ్ళి వేయించుకోవాలి.